దేశీయ ప్రయాణ బీమా

దేశీయ ప్రయాణ బీమా అనగా స్వదేశంలో ఒక చోటి నుండి మరొక చోటికి చేసే ప్రయాణంలో సంభవించగల ప్రమాదం, ఆకస్మిక అనారోగ్యం, ప్రయాణ రద్దు, సామాను నష్టం మొదలైన వాటికి ఆర్థిక రక్షణ కల్పించే బీమా ఒప్పందం. విదేశీ ప్రయాణ బీమాతో పోలిస్తే దీని గురించి ప్రజలకు తెలిసినది తక్కువ. అనేక దేశాలు బీమా పత్రం లేనిదే వీసా ఇవ్వవు గనుక విదేశాలకు వెళ్ళేవారు బీమా తప్పక తీసుకుంటారు. తిరుపతికో, కాశీకో, శబరిమలకో వెళ్ళేవారికి అటువంటి నిర్బంధం లేదు. అందువలన చాలా కుటుంబాలు ఎటువంటి ఏర్పాటూ లేకుండా బయలుదేరుతాయి. తమకు ఇప్పటికే ఉన్న రక్షణ ఏమిటో తెలియక, ప్రమాదం జరిగిన తరువాత చట్టప్రకారం రావలసిన సొమ్మును కూడా కొన్ని కుటుంబాలు పొందలేకపోతున్నాయి.

ఈ వ్యాసంలో భారతదేశంలో, ముఖ్యంగా తెలుగు రాష్ట్రాలలో, దేశీయ ప్రయాణానికి సంబంధించిన బీమా, నష్టపరిహార చట్టాలు, యాత్రకు ముందు చేసుకోవలసిన ఏర్పాట్లు వివరించబడినవి.

చరిత్ర

రైళ్ళు రాకముందు దూరప్రయాణం ప్రాణాలతో కూడిన వ్యవహారం. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే" అనే తెలుగు సామెత ఆ కాలపు అనుభవం నుండి పుట్టినదే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుండి బయలుదేరి, కాశీ మొదలైన క్షేత్రాలు దర్శించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నాడు. ఆయన వెంట సుమారు వంద మంది పరివారం ఉన్నారు. ఆ యాత్రా వృత్తాంతమే 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర. దారులు, మజిలీలు, దొరికే సరకులు, దాటవలసిన నదులు ఇందులో ఉండుటచేత తరువాతి యాత్రికులకు ఇది ఒక మార్గదర్శిగా కూడా పనికివచ్చింది. బీమా లేని ఆ రోజులలో మందీమార్బలం, ముందుచూపు మాత్రమే యాత్రికునికి రక్షణ.

ప్రయాణ బీమా రైలుతో పాటు పుట్టింది. ఇంగ్లండులో 1849లో రైల్వే ప్యాసింజర్స్ అష్యూరెన్స్ కంపెనీ రైలు టికెట్టుతో పాటే ప్రమాద బీమాను అమ్మడం ప్రారంభించింది. అమెరికాలో 1864లో హార్ట్‌ఫర్డ్ నగరంలో ట్రావెలర్స్ సంస్థ ఏర్పడింది.

భారతదేశంలో సాధారణ బీమా వ్యాపారం 1973 జనవరి 1 నుండి జాతీయం చేయబడింది. నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు ప్రభుత్వ సంస్థలు ఈ వ్యాపారాన్ని నిర్వహించాయి. 1999లో చేసిన చట్టంతో బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐ.ఆర్.డి.ఎ.ఐ.) ఏర్పడి, 2000 నుండి ప్రైవేటు సంస్థలకు ప్రవేశం లభించింది. ఈ ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. 2016 సెప్టెంబరు 1న రైల్వే ఇ-టికెట్లపై ఐచ్ఛిక ప్రయాణ బీమా ప్రారంభం కావడంతో దేశీయ ప్రయాణ బీమా మొదటిసారిగా సామాన్య ప్రయాణికుని చేతికి అందింది.

బీమా, నష్టపరిహారం, ఎక్స్‌గ్రేషియా

ప్రమాదం జరిగినప్పుడు పత్రికలలో ఈ మూడు మాటలూ కలగాపులగంగా వాడబడుతుంటాయి. ఈ మూడూ వేరువేరు.

* ఎక్స్‌గ్రేషియా: ప్రభుత్వమో, రైల్వేయో తక్షణ సాయంగా ఇచ్చే సొమ్ము. ఇది హక్కుగా అడగదగినది కాదు, ప్రకటించినవారి నిర్ణయాన్ని బట్టి ఉంటుంది.
* నష్టపరిహారం: చట్టం ప్రకారం బాధితునికి లభించే హక్కు. రైలు ప్రమాదమైతే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో, రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి. దరఖాస్తు చేయనివారికి ఇది దానంతట అది రాదు.
* బీమా సొమ్ము: ప్రీమియం చెల్లించి కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం బీమా సంస్థ ఇచ్చేది.

ఒకటి అందిందని మిగిలినవి వదులుకోనవసరం లేదు. మరణానికి, వైకల్యానికి నిర్ణీత మొత్తం ఇచ్చే పాలసీలు రెండు మూడు ఉంటే, వాటన్నిటి నుండి సొమ్ము పొందవచ్చును. అయితే ఆసుపత్రి ఖర్చులను భర్తీ చేసే పాలసీలలో ఎన్ని పాలసీలు ఉన్నా అసలు అయిన ఖర్చుకు మించి రాదు.

రక్షణ లభించే అంశాలు

దేశీయ ప్రయాణ బీమా పాలసీలలో సాధారణంగా ఈ క్రింది అంశాలు ఉంటాయి. అన్నీ ప్రతి పాలసీలోనూ ఉండవు.

* ప్రమాదం వలన మరణం, శాశ్వత సంపూర్ణ వైకల్యం, శాశ్వత పాక్షిక వైకల్యం
* ప్రమాదం లేదా ఆకస్మిక అనారోగ్యం వలన ఆసుపత్రిలో చేరిన ఖర్చు
* రోగిని సరియైన వైద్యం లభించే ఆసుపత్రికి తరలించే ఖర్చు
* మృతదేహాన్ని స్వగ్రామానికి తరలించే ఖర్చు
* పాలసీలో పేర్కొన్న కారణాల వలన ప్రయాణం రద్దు కావడం లేదా మధ్యలో ముగించవలసి రావడం
* అనుసంధాన రైలు లేదా విమానం తప్పిపోవడం
* సామాను పోవడం లేదా ఆలస్యంగా అందడం

మినహాయింపులు

పాలసీలో ఏమి ఉన్నదో తెలుసుకోవడం కంటే ఏమి లేదో తెలుసుకోవడం ముఖ్యం. సాధారణంగా మినహాయించబడేవి: ముందు నుండి ఉన్న వ్యాధులు, మద్యం మత్తులో జరిగిన ప్రమాదాలు, ఆత్మహత్యా యత్నం, చట్టవిరుద్ధ కార్యాలు, యుద్ధం, వైద్యుడు వద్దన్నా చేసిన ప్రయాణం, సాహస క్రీడలు. నదిలో రాఫ్టింగు, పారాగ్లైడింగు, పర్వతారోహణ వంటివి యాత్రలో భాగమైతే అందుకు అదనపు రక్షణ ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవాలి. తుఫాను హెచ్చరిక వెలువడిన తరువాత పాలసీ తీసుకుంటే, ఆ తుఫాను వలన కలిగే రద్దుకు సాధారణంగా పరిహారం రాదు. బీమా అనేది తెలియని ప్రమాదానికే గాని, తెలిసిపోయిన నష్టానికి కాదు.

బీమా ఒప్పందం పరమ విశ్వాసం అనే సూత్రంపై ఆధారపడి ఉంటుంది. వయస్సు, మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు వంటి వివరాలను దాచిపెడితే, ఆ కారణంగానే క్లెయిము తిరస్కరించబడవచ్చును.

రైలు ప్రయాణం

ఐచ్ఛిక ప్రయాణ బీమా

ఐ.ఆర్.సి.టి.సి. ద్వారా ఇ-టికెట్టు కొనేటప్పుడు ఈ బీమాను ఎంచుకొనవచ్చును. 2016లో ప్రారంభమైనప్పుడు ఒక్కొక్క ప్రయాణికునికి ప్రీమియం 92 పైసలు. 2017 డిసెంబరు నుండి 2018 ఆగస్టు వరకు ఇది ఉచితంగా ఇవ్వబడింది. ఆ తరువాత మళ్ళీ ఐచ్ఛికం చేయబడింది. 2024లో ప్రీమియం 45 పైసలు. రక్షణ వివరాలు ఇవి:

* మరణం లేదా శాశ్వత సంపూర్ణ వైకల్యం: 10 లక్షల రూపాయలు
* శాశ్వత పాక్షిక వైకల్యం: 7.5 లక్షల రూపాయల వరకు
* గాయాలకు ఆసుపత్రి ఖర్చు: 2 లక్షల రూపాయల వరకు
* మృతదేహ తరలింపు: 10 వేల రూపాయలు

ఈ బీమా ఇ-టికెట్టుకు మాత్రమే వర్తిస్తుంది. స్టేషను కౌంటరులో కొన్న టికెట్టుకు, జనరల్ బోగీ టికెట్టుకు ఇది లేదు. బెర్తు ఖరారైనవారికి, ఆర్.ఎ.సి.లో ఉన్నవారికి రక్షణ ఉంటుంది. వెయిటింగు లిస్టులో ఉన్నవారికి ఉండదు. ఒక పి.ఎన్.ఆర్. క్రింద బీమా ఎంచుకుంటే అందులోని అర్హులైన ప్రయాణికులందరికీ వర్తిస్తుంది.

టికెట్టు కొన్న తరువాత బీమా సంస్థ నుండి సందేశం వస్తుంది. అందులోని లంకె ద్వారా నామినీ పేరు నమోదు చేయాలి. చాలామంది ఈ పని చేయరు. టికెట్టును నెట్ సెంటరు వారి చేత తీయించుకున్నప్పుడు సందేశం వారి ఫోనుకే పోయి, తనకు బీమా ఉన్న సంగతి ప్రయాణికునికే తెలియకపోవచ్చు. నామినీ లేకపోతే సొమ్ము చట్టబద్ధ వారసులకు చెందుతుంది. అయితే వారసత్వాన్ని రుజువు చేసే పత్రాల కొరకు తిరగవలసి వస్తుంది. కనుక టికెట్టు తీయించేటప్పుడు సొంత ఫోను నంబరే ఇవ్వడం మంచిది.

చట్టబద్ధమైన పరిహారం

బీమా ఉన్నా లేకపోయినా, రైల్వే చట్టం, 1989లోని 124, 124ఎ సెక్షన్ల ప్రకారం చెల్లుబాటయ్యే టికెట్టు గల ప్రయాణికునికి పరిహారం పొందే హక్కు ఉన్నది. రైలు ఢీకొనడం, పట్టాలు తప్పడం వంటి ప్రమాదాలే గాక, రైలు నుండి జారిపడటం, దోపిడీ, ఉగ్రవాద చర్య వంటి అవాంఛనీయ సంఘటనలు కూడా దీనిలోనికి వస్తాయి. మరణానికి పరిహారం 2017 జనవరి 1 నుండి 4 లక్షల రూపాయలకు బదులు 8 లక్షల రూపాయలుగా నిర్ణయించబడింది. ప్రమాదం జరిగిన ఒక సంవత్సరం లోపల రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి. ట్రిబ్యునల్ బెంచి సికింద్రాబాదులో కలదు.

ఆత్మహత్య, స్వయంగా చేసుకున్న గాయం, నేర కార్యం, మద్యం మత్తు, సహజ వ్యాధి వలన కలిగిన మరణానికి ఈ పరిహారం వర్తించదు. రైలు ఎక్కబోతూ జారిపడటం కూడా అవాంఛనీయ సంఘటనే అని సుప్రీం కోర్టు ప్రభాకరన్ విజయకుమార్ కేసులో (2008) తీర్పు చెప్పింది. మృతుని వద్ద టికెట్టు దొరకనంత మాత్రాన క్లెయిమును త్రోసిపుచ్చరాదని రీనా దేవి కేసులో (2018) పేర్కొన్నది. శవం వద్ద టికెట్టు లేదు గనుక ఇక ఏమీ రాదనుకొని కుటుంబాలు మిన్నకుండిపోవడం పొరపాటు.

రైల్వే ఇచ్చే ఎక్స్‌గ్రేషియా 2023 సెప్టెంబరులో సవరించబడింది. రైలు ప్రమాదంలో మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయాలకు 2.5 లక్షలు, స్వల్ప గాయాలకు 50 వేల రూపాయలు.

రోడ్డు ప్రయాణం

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ప్రతి వాహనానికి మూడవ పక్ష బీమా తప్పనిసరి. బస్సులో కిరాయి చెల్లించి ప్రయాణించేవారికి దీని ద్వారా పరిహారం లభిస్తుంది. తప్పు ఎవరిదో నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు పొందే వీలు 164వ సెక్షనులో ఉన్నది. ఢీకొట్టి పారిపోయిన వాహనం ఆచూకీ తెలియకపోతే, 2022 ఏప్రిల్ 1 నుండి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ఇచ్చే పథకం అమలులో ఉన్నది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల వరకు నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో ప్రకటించింది.

గ్రామీణ యాత్రికులు ఎక్కువగా నష్టపోయేది ఈ క్రింది సందర్భాలలో:

* ట్రాక్టరు ట్రక్కు, సరుకు రవాణా వాహనం: తిరునాళ్ళకు, మొక్కులకు ట్రాక్టరులోను, సరుకుల ఆటోలోను వెళ్ళడం పల్లెలలో సర్వసాధారణం. సరుకు వాహనంలో ఊరకే ఎక్కిన ప్రయాణికులకు బీమా సంస్థ బాధ్యత వహించనవసరం లేదని సుప్రీం కోర్టు ఆశారాణి కేసులో (2002) తీర్పు ఇచ్చింది. అప్పుడు వాహన యజమాని నుండే పరిహారం రాబట్టుకోవాలి. అతనికి ఆస్తి లేకపోతే తీర్పు కాగితానికే పరిమితమవుతుంది. ఎదుటి వాహనానిదే తప్పయితే మాత్రం, ఆ వాహనపు బీమా నుండి పరిహారం అడగవచ్చును.
* తెలిసినవారి కారు: తెల్ల నంబరు పలక గల సొంత కారును కిరాయికి తీసుకుంటే పాలసీ షరతు ఉల్లంఘన అవుతుంది. అంతేగాక, మూడవ పక్ష పాలసీ మాత్రమే ఉన్న సొంత కారులో కూర్చున్నవారికి ఆ పాలసీ వర్తించదు. సమగ్ర పాలసీ అయితే వర్తిస్తుంది. కిరాయికి పసుపు పలక గల వాహనాన్నే కుదుర్చుకొని, దాని బీమా, ఫిట్‌నెస్, పర్మిటు, డ్రైవరు లైసెన్సు చూడాలి.
* సొంత వాహనం: నడిపే యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా నిబంధన 2018 నుండి ఉన్నది. ఇది యజమానికే గాని, అతని వాహనాన్ని నడిపే ఇతరులకు కాదు.

విమాన, జల ప్రయాణం

విమానం ఆలస్యమైనప్పుడు, రద్దయినప్పుడు ప్రయాణికునికి ఇవ్వవలసిన సదుపాయాలను పౌర విమానయాన డైరెక్టరేటు జనరల్ నియమాలు నిర్ణయిస్తాయి. విమాన సంస్థ ముందుగా తెలపకుండా రద్దు చేస్తే టికెట్టు సొమ్ము వాపసు లేదా మరొక విమానంలో చోటు ప్రయాణికుడు కోరుకోవచ్చు. అయితే వాతావరణం వంటి అదుపులో లేని కారణాలకు అదనపు పరిహారం ఉండదు. టికెట్టు కొనేటప్పుడు తెరపై ముందే టిక్కు పెట్టి చూపే బీమా రుసుము ఎందుకో చదివిన తరువాతనే అంగీకరించాలి.

పడవల విషయంలో అంతర్గత జల నౌకల చట్టం, 2021 నౌకల నమోదు, బీమాలను తప్పనిసరి చేసింది. పడవ ఎక్కేముందు ప్రయాణికుల పట్టికలో తన పేరు, చిరునామా నమోదు చేయించుకోవడం, లైఫ్ జాకెట్టు ధరించడం అవసరం.

పుణ్యక్షేత్ర యాత్రలు

కొన్ని క్షేత్రాలలో ఆలయ యాజమాన్యమే యాత్రికులకు సామూహిక బీమా చేయిస్తుంది. అమరనాథ యాత్రకు నమోదు చేసుకున్నవారికి అమరనాథ్ దేవస్థాన బోర్డు ప్రమాద బీమా కల్పిస్తుంది. ఈ యాత్రకు వైద్య ధ్రువపత్రం, నమోదు తప్పనిసరి. శబరిమల భక్తులకు తిరువాంకూరు దేవస్వం బోర్డు ప్రమాద బీమా ఏర్పాటు చేసింది. ఇటువంటి బీమా క్షేత్రం, దాని పరిసరాల పరిధిలో జరిగే ప్రమాదానికే గాని, ఇంటి నుండి బయలుదేరి తిరిగి వచ్చే వరకు వర్తించేది కాదు. కొండ ఎక్కుతూ గుండెపోటుతో మరణిస్తే ప్రమాద బీమాలో సాధారణంగా రాదు, ఎందుకంటే గుండెపోటు వ్యాధి క్రిందికి వస్తుంది.

చార్‌ధామ్ యాత్రకు కూడా ముందుగా నమోదు తప్పనిసరి. కేదారనాథ్ సముద్రమట్టానికి 3,500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. సముద్రతీరపు జిల్లాల నుండి వెళ్ళే పెద్దవారు ఆ ఎత్తుకు అలవాటు పడటానికి మధ్యలో ఒకటి రెండు రోజులు ఆగడం మంచిది.

ఇప్పటికే ఉన్న రక్షణ

కొత్త పాలసీ కొనేముందు తన వద్ద ఉన్నదేమిటో చూసుకోవాలి.

* ప్రధాన మంత్రి సురక్షా బీమా యోజన: 2015 మే 9న ప్రారంభమైనది. 18 నుండి 70 సంవత్సరాల మధ్య వయస్సు గల బ్యాంకు ఖాతాదారులకు ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయలు. మొదట ఏడాదికి 12 రూపాయలుగా ఉన్న ప్రీమియం 2022 జూన్ 1 నుండి 20 రూపాయలు. ఇది దేశంలో ఎక్కడైనా వర్తిస్తుంది గాని, ఆసుపత్రి ఖర్చు ఇవ్వదు. మే నెలాఖరులో ఖాతాలో నిల్వ లేకపోతే పాలసీ ఆగిపోతుంది.
* ఆయుష్మాన్ భారత్: 2018 సెప్టెంబరు 23న ప్రారంభమైనది. పథకంలో చేరిన రాష్ట్రాలలోని గుర్తింపు పొందిన ఆసుపత్రులలో, స్వరాష్ట్రం బయట కూడా చెల్లుతుంది. 2024 అక్టోబరు నుండి 70 ఏళ్ళు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. ఇందుకు ప్రత్యేక కార్డు ముందుగానే తీసుకోవాలి.
* ఆరోగ్యశ్రీ: 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఈ పథకం ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. ఇది పథకపు జాబితాలోని ఆసుపత్రులకే పరిమితం. కాశీలోనో, ఢిల్లీలోనో ఏ ఆసుపత్రిలోనైనా చెల్లుతుందని భావించరాదు.
* ఆరోగ్య బీమా పాలసీ: సాధారణంగా దేశమంతటా చెల్లుతుంది. వెళ్ళే ఊరిలో నగదు రహిత చికిత్స ఇచ్చే ఆసుపత్రుల పేర్లు వ్రాసుకొని వెళ్ళాలి.

ఉదాహరణ: పెనుగొలను నుండి కాశీ

ఎన్.టి.ఆర్. జిల్లా గంపలగూడెం మండలంలోని పెనుగొలను గ్రామం నుండి నలుగురు గల ఒక కుటుంబం కాశీ యాత్రకు బయలుదేరుతున్నదనుకుందాం. ఈ గ్రామం పూర్వం కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కొత్త జిల్లాలో చేరింది. రైలుకు విజయవాడకో, తెలంగాణలోని మధిరకో వెళ్ళాలి. చెన్నై–ఛాప్రా మధ్య నడిచే గంగా–కావేరి ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వారణాసి మీదుగా పోతుంది.

ఈ ప్రయాణంలో మూడు దశలు ఉన్నాయి. గ్రామం నుండి స్టేషను వరకు రోడ్డు ప్రయాణం. ఇక్కడ రైలు బీమా వర్తించదు, ఎక్కిన వాహనపు బీమాయే ఆధారం. రెండవది రైలు ప్రయాణం. ఇక్కడ ఐచ్ఛిక బీమా, రైల్వే చట్టం రెండూ వర్తిస్తాయి. మూడవది కాశీలో గడిపే రోజులు, అక్కడి నుండి కారులో గయకు, ప్రయాగకు పోయి రావడం. ఇక్కడ రైలు బీమా లేదు. దేశీయ ప్రయాణ పాలసీ గాని, ఆరోగ్య బీమా గాని ఉంటేనే రక్షణ.

ఇక ఖర్చు. మొత్తం వ్యయం 60 వేల రూపాయలని ఊహిస్తే, అందులో రైలు టికెట్లు 16 వేలు, వసతికి ముందుగా చెల్లించినది 9 వేలు, మిగిలిన 35 వేలు అక్కడ ఖర్చు పెట్టేవి. యాత్ర ఆగిపోతే చేతిలోని 35 వేలు పోవు. టికెట్లలో కొంత కోతతో మిగిలినది తిరిగి వస్తుంది. కనుక రద్దు వలన గరిష్ఠ నష్టం 25 వేల లోపే. అదే అక్కడ ఒకరికి కాలు విరిగినా, గుండెనొప్పి వచ్చినా ఆసుపత్రి ఖర్చు లక్షలలో ఉండవచ్చు. దీనిని బట్టి ఇటువంటి కుటుంబం రద్దు బీమా కంటే ముందు వైద్య, ప్రమాద రక్షణ చూసుకోవాలని తేలుతున్నది. దీనికి భిన్నంగా, లక్ష రూపాయలకు పైగా ముందే చెల్లించి, వాపసు లేని ప్యాకేజీ యాత్ర కొనేవారికి రద్దు బీమా ఉపయోగకరం.

బయలుదేరే ముందు చేయవలసినవి:

* 2024 నవంబరు 1 నుండి రైలు రిజర్వేషను 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటున్నది. తేదీలు అందుకు తగినట్లు నిర్ణయించుకోవాలి.
* ఒక రైలు దిగి మరొక రైలు ఎక్కవలసి ఉంటే మధ్యలో కనీసం నాలుగైదు గంటల వ్యవధి ఉంచుకోవాలి. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై ప్రయాణం మానుకుంటే, నియమాల ప్రకారం పూర్తి సొమ్ము వాపసుకు దరఖాస్తు చేయవచ్చు.
* నిత్యం వాడే మందులు ప్రయాణ దినాల కంటే ఒక వారం అదనంగా, చీటీతో సహా ఉంచుకోవాలి.
* టికెట్లు, ఆధార్, పాలసీ, బ్యాంకు వివరాల నకళ్ళు ఇంటి వద్ద ఒకరికి ఇచ్చి వెళ్ళాలి. ఏ రైలు, ఏ బోగీ, ఏ బస్సు అన్నది కూడా వారికి తెలియాలి.
* డబ్బు అంతా ఒకరి వద్దనే ఉంచరాదు.
* అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, రైల్వేకు 139, జాతీయ రహదారులపై 1033, పర్యాటక సహాయానికి 1363 నంబర్లు వ్రాసుకోవాలి.

తెలుగు ప్రాంతాల అనుభవాలు

గడచిన సంవత్సరాలలో జరిగిన కొన్ని దుర్ఘటనలు పై విషయాల ప్రాముఖ్యాన్ని తెలుపుతాయి.

* 2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదలలో తెలుగు యాత్రికులు పెద్ద సంఖ్యలో చిక్కుకున్నారు. గల్లంతైనవారు మరణించినట్లు భావించడానికి సాక్ష్య చట్టం సాధారణంగా ఏడు సంవత్సరాల గడువు పెడుతుంది. మరణ ధ్రువపత్రం లేనిదే బీమా సొమ్ము రాదు. ఆ సందర్భంలో ప్రభుత్వం ప్రత్యేక పద్ధతిలో ధ్రువపత్రాలు ఇప్పించింది.
* 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద ప్రైవేటు బస్సు దగ్ధమై 45 మంది మరణించారు. 2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద హైదరాబాదు–బెంగుళూరు బస్సు దగ్ధమైంది. రెండు సందర్భాలలోను మృతులను గుర్తించడానికి డి.ఎన్.ఎ. పరీక్షలు అవసరమయ్యాయి. సొంత పేరుతో టికెట్టు తీయడం, ఇంటిలో చెప్పి వెళ్ళడం ఎందుకు ముఖ్యమో ఇవి తెలుపుతాయి.
* 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి డ్యాము నీరు వదలడంతో హైదరాబాదుకు చెందిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు కొట్టుకుపోయారు. ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2016 జనవరిలో ఆ రాష్ట్ర హైకోర్టు ఆదేశించింది. విద్యార్థుల విహారయాత్రలకు సామూహిక బీమా, స్థానిక మార్గదర్శకుడు ఎంత అవసరమో ఈ ఘటన చాటింది.
* 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పాపికొండలకు పోతున్న పర్యాటక పడవ మునిగింది. 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. నది వరదలో ఉన్నప్పుడు చేసే విహారం ఎంత ప్రమాదకరమో దీని వలన తెలిసింది.
* 2020 జూన్ 17న జగ్గయ్యపేట మండలం వేదాద్రి సమీపంలో, దైవదర్శనం చేసుకొని ట్రాక్టరులో తిరిగివస్తున్న ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం మండల వాసులను లారీ ఢీకొనగా పది మందికి పైగా మరణించారు.

క్లెయిము చేసే విధానం

1. ప్రమాదం జరిగిన వెంటనే పోలీసులకు, రైలులో అయితే రైల్వే పోలీసులకు తెలిపి ప్రథమ సమాచార నివేదిక నకలు తీసుకోవాలి.
2. బీమా సంస్థకు పాలసీలో చెప్పిన గడువులోగా తెలియజేయాలి. రైలు ఐచ్ఛిక బీమాలో ఈ గడువు నాలుగు నెలలు.
3. ఆసుపత్రి అసలు బిల్లులు, డిశ్చార్జి పత్రం, మందుల చీటీలు భద్రపరచాలి.
4. మరణమైతే శవపంచాయతీ నివేదిక, పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం సిద్ధం చేసుకోవాలి. దూర రాష్ట్రంలో దుఃఖంలో ఉన్న కుటుంబం పోస్టుమార్టం వద్దని దేహాన్ని తీసుకువస్తే, తరువాత మరణ కారణాన్ని రుజువు చేయడం చాలా కష్టం.
5. సామాను పోతే రైల్వే లేదా విమాన సంస్థ ఇచ్చే లిఖితపూర్వక ధ్రువీకరణ ఉండాలి.
6. దరఖాస్తు అందినట్లు రసీదు తీసుకోవాలి.

ఫిర్యాదులు

క్లెయిము తిరస్కరించబడితే మొదట ఆ సంస్థలోని ఫిర్యాదుల అధికారికి వ్రాయాలి. నెల లోపల జవాబు రాకపోయినా, జవాబు తృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. తెలుగు రాష్ట్రాలకు ఈ కార్యాలయం హైదరాబాదులో కలదు. 50 లక్షల రూపాయల వరకు గల వివాదాలను ఈయన విచారిస్తారు. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. ఈయన తీర్పునకు బీమా సంస్థ కట్టుబడాలి. తృప్తి చెందని పాలసీదారుడు వినియోగదారుల కమిషనుకు పోవచ్చును. ప్రాధికార సంస్థ యొక్క బీమా భరోసా విభాగానికి 155255 నంబరు ద్వారా, వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 ద్వారా కూడా ఫిర్యాదు చేయవచ్చు.

పరిమితులు, విమర్శలు

రైలు ఐచ్ఛిక బీమా చాలా చౌక అయినప్పటికీ, జనరల్ బోగీలో ప్రయాణించే పేదలకు అది అందుబాటులో లేదు. కౌంటరు వద్ద టికెట్టు కొనేవారికి, అనగా ఇంటర్నెట్టు తెలియని వృద్ధులకు, గ్రామీణులకు కూడా లేదు. పాలసీ పత్రాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉండుట వలన షరతులు సామాన్యులకు అర్థం కావు. 2020 చివరిలో ప్రాధికార సంస్థ భారత్ యాత్రా సురక్ష అనే పేరుతో అన్ని కంపెనీలకు ఒకే విధమైన దేశీయ ప్రయాణ పాలసీని ప్రతిపాదించడానికి కారణం, పాలసీల షరతులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండటమే.

బీమా ప్రమాదాన్ని ఆపలేదు, పోయిన మనిషిని తీసుకురాలేదు. వరదలో ఉన్న నదిపై పడవ ఎక్కకపోవడం, ట్రాక్టరులో పిల్లలతో రాత్రి ప్రయాణం చేయకపోవడం, నిద్రలేని డ్రైవరును నడపవద్దనడం వంటి జాగ్రత్తలకు ఏ పాలసీయూ ప్రత్యామ్నాయం కాదు. ఆ జాగ్రత్తలన్నీ తీసుకున్న తరువాత కూడా మిగిలి ఉండే ప్రమాదానికే బీమా.

ఇవి కూడా చూడండి

* బీమా
* భారతీయ రైల్వేలు
* కాశీయాత్ర చరిత్ర
* ప్రధాన మంత్రి సురక్షా బీమా యోజన
* 108 అత్యవసర సేవ
* పెనుగొలను